పీఈనా, ఏపీసీనా, ట్యాండమా: ఫ్లో సైటోమెట్రీకి రంగు ఎంచుకునే ముందు

ఫ్లో సైటోమెట్రీ అంటే కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు నడిపి, వాటికి అంటిన రంగుల వెలుగును డిటెక్టర్లతో కొలిచే పద్ధతి. కణం మీది ఒక గుర్తును, అంటే మార్కర్‌ను, పట్టుకునే యాంటీబాడీకి ఆ రంగును అతికించి ఉంచుతారు. ఒకే యాంటీబాడీ, ఒకే క్లోన్ (ఒకే కణం సంతతి నుంచి వచ్చిన రకం). క్యాటలాగ్ తెరిస్తే దాని పక్కన పది పన్నెండు రంగులు కనిపిస్తాయి. ఫిట్సీ, పీఈ, ఏపీసీ, పర్‌సీపీ, పీఈ-సై7, ఇంకా ఎన్నో. మొదటిసారి ప్యానెల్ (ఒకే ట్యూబ్‌లో కలిపి వాడే యాంటీబాడీలు, రంగుల జాబితా) వేసుకునేవాళ్లు సరిగ్గా ఇక్కడే ఆగిపోతారు. ఎవరినైనా అడిగితే "పీఈ తీసుకో, బాగా వెలుగుతుంది" అంటారు. ఆ మాట నిజమే. కానీ నేను చూసినంతలో ప్రయోగాలు చెడిపోయింది రంగు వెలుగు చాలక కాదు. యాంటీబాడీ వేసినప్పటి నుంచి ట్యూబ్ మెషిన్ ఎక్కేదాకా ఆ కణాలకు ఏమేం జరుగుతుందో ముందే ఆలోచించకపోవడం వల్ల. అందుకే ఇందులో వెలుగు గురించి కొంచెమే చెప్పి, ఆ మధ్యలో జరిగే పనుల గురించి ఎక్కువ చెబుతాను.

ముందు ఈ ప్రోటీన్లు ఏమిటో చూద్దాం

పీఈ అంటే ఫైకోఎరిత్రిన్. నీటి లోతుకు చేరే కాస్తంత నీలి, ఆకుపచ్చ వెలుతురును పట్టుకుని క్లోరోఫిల్‌కు అందించడానికి ఎర్ర నాచు తయారుచేసుకునే ప్రోటీన్ ఇది. ఏపీసీ, అంటే అల్లోఫైకోసయనిన్, దీని కుటుంబానిదే. పర్‌సీపీ వేరే ఇంటిది. డైనోఫ్లాజెల్లేట్ అనే ఏకకణ జీవుల నుంచి వస్తుంది, పెరిడినిన్, క్లోరోఫిల్ రెండూ దాని లోపలే ఉంటాయి. ఫైకోఎరిత్రిన్ కుటుంబపు ప్రోటీన్లను యాంటీబాడీలకు అతికించి కణాలను గుర్తించవచ్చని 1982లో వెర్నన్ ఓయ్, అలెగ్జాండర్ గ్లేజర్, లూబర్ట్ స్ట్రయర్ చూపించారు. మరుసటి ఏడాదే గ్లేజర్, స్ట్రయర్ కలిసి ఒక ప్రోటీన్ పట్టిన శక్తిని పక్కనున్న ఇంకోదానికి అందించే జంటను తయారుచేశారు. ఇప్పుడు మనం ట్యాండమ్ అంటున్నవాటికి మూలం అదే.

ఒక్క పీఈ అణువులో 34 బిలిన్లు ఉంటాయి. బిలిన్ అంటే వెలుతురును పట్టే చిన్న రంగు ముక్క. ఏపీసీలో 6 ఉంటాయి. ఫిట్సీ మొత్తం కలిపి ఒక్క రంగు ముక్కే, బరువు 389 డాల్టన్లు. పీఈ బరువు దాదాపు 240 కిలోడాల్టన్లు. అది అతుక్కునే యాంటీబాడీ బరువు 150 కిలోడాల్టన్లే కాబట్టి, ఇక్కడ మోసేదానికన్నా మోతే పెద్దది.

ఈ బిలిన్లు వాటంతట అవి వెలగవు. విడిగా ఉంటే చుట్టచుట్టుకుని, పట్టిన శక్తిని వేడిగా వదిలేస్తాయి. ప్రోటీన్ వాటిని సాగదీసి, కదలకుండా పట్టుకుంటేనే వెలుగుతాయి. ఈ ఒక్క విషయం గుర్తుంటే ఈ రంగుల్ని ఏం చేయకూడదో సగం మీకే తెలిసిపోతుంది. ప్రోటీన్ మడతలు విప్పే పని ఏది చేసినా రంగు ఆరిపోతుంది. ఫ్రీజర్‌లో పెట్టడం అలాంటి పని. మిథనాల్ పోయడమూ అంతే.

ఎంచుకునే ముందు నాలుగు ప్రశ్నలు

మీ మెషిన్‌లో ఏ లేజర్లు ఉన్నాయి? 488 నానోమీటర్ల నీలి లేజర్ ఒక్కటే ఉంటే ఏపీసీ అడవి కాచిన వెన్నెలే. దాన్ని వెలిగించాలంటే 633 లేదా 640 నానోమీటర్ల ఎర్ర లేజర్ కావాలి. పీఈ 488తో వెలుగుతుంది కానీ దాని అసలు శిఖరం 565 దగ్గర ఉంది, కాబట్టి 561 లేజర్ ఉంటే చాలా మెరుగు. ఇంకో లాభం కూడా ఉంది. 561 ఫిట్సీని దాదాపు ముట్టుకోదు, అందువల్ల ఫిట్సీ వెలుగు పీఈ డిటెక్టర్‌లోకి కారడం బాగా తగ్గిపోతుంది.

మీరు వెతికే మార్కర్ కణం మీద ఎంత ఉంది? తెల్లకణాల మార్కర్లలో సీడీ45, సీడీ8 లాంటివి దండిగా ఉంటాయి. సీడీ25, పీడీ-1, చాలా కీమోకైన్ రిసెప్టర్లు కొంచెమే ఉంటాయి. కొంచెమే ఉన్నదానికి బాగా వెలిగే రంగు, దండిగా ఉన్నదానికి మామూలు రంగు ఇవ్వాలి. దీన్ని తిరగేసి దండిగా ఉన్న మార్కర్‌కు పీఈ ఇస్తే ఆ వెలుగు పక్క డిటెక్టర్లన్నిటిలోకీ పొర్లి, అక్కడ మసకగా ఉన్న మార్కర్‌ను మింగేస్తుంది.

కణాలు వాటంతట అవి ఎంత వెలుగుతాయి? మాక్రోఫేజ్‌లు, కల్చర్‌లో పెరిగిన పెద్ద కణాలు నీలి లేజర్ కింద ఆకుపచ్చగా మెరుస్తాయి. జీఎఫ్‌పీ (ఆకుపచ్చగా వెలిగే ప్రోటీన్) ఉన్న కణాలైతే ఫిట్సీ చోటు ముందే నిండిపోయింది. ఎర్ర లేజర్ వైపు ఈ సొంత వెలుగు తక్కువ.

యాంటీబాడీ వేశాక కణాలను ఏం చేస్తారు? వెంటనే మెషిన్ మీద పెడతారా, ఫిక్స్ చేసి (రసాయనంతో కణాలను ఉన్నవి ఉన్నట్టు నిలిపి) రేపు చూస్తారా, లోపలి ప్రోటీన్ల కోసం పొర తెరుస్తారా, తెరిస్తే దేనితో? నా లెక్కలో మొదట వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే. చాలామందికి ఇది ఆఖరున గుర్తొస్తుంది.

ఒక్క చూపులో

| రంగు | వెలిగించే లేజర్ | వెలుగు శిఖరం, నానోమీటర్లలో | వెలుగు | ముఖ్యమైన జాగ్రత్త |
|---|---|---|---|---|
| ఫిట్సీ | 488 | 519 | మామూలు | ఆమ్ల గుణం ఉన్న బఫర్‌లో మసకబారుతుంది |
| పీఈ | 488, 561 | 578 | చాలా ఎక్కువ | మిథనాల్ తగిలితే పోతుంది |
| ఏపీసీ | 633, 640 | 660 | ఎక్కువ | మిథనాల్ తగిలితే పోతుంది |
| పర్‌సీపీ | 488 | 675 | తక్కువ | బలమైన లేజర్ కింద త్వరగా ఆరిపోతుంది |
| పర్‌సీపీ-సై5.5 | 488 | 690 పైన | మధ్యస్థం | ట్యాండమ్, వెలుతురు పడదు |
| పీఈ-సై5 | 488, 561 | 667 | చాలా ఎక్కువ | ఏపీసీ డిటెక్టర్‌లోకి కారుతుంది, మోనోసైట్లకు అంటుకుంటుంది |
| పీఈ-సై7 | 488, 561 | 780 దగ్గర | ఎక్కువ | విరిగితే పీఈలా కనిపిస్తుంది |
| ఏపీసీ-సై7 | 633, 640 | 780 దగ్గర | మధ్యస్థం | విరిగితే ఏపీసీలా కనిపిస్తుంది |
| అలెక్సా 647 | 633, 640 | 665 దగ్గర | ఎక్కువ | ప్రోటీన్ కాదు. ఏపీసీతో చోటు ఒక్కటే |

పీఈ

మొదటి యాంటీబాడీకి ఏ రంగో తేల్చుకోలేకపోతే పీఈ తీసుకోండి. 488 లేజర్‌తోనూ 561 లేజర్‌తోనూ పనిచేస్తుంది, మసక మార్కర్లను పైకి తేలుస్తుంది, ఫిక్సేటివ్‌కు బాగానే తట్టుకుంటుంది. ఇంకో మంచి గుణం ఉంది, దాన్ని తక్కువమంది వాడుకుంటారు. పీఈ పెద్దది కాబట్టి ఒక యాంటీబాడీకి ఒక పీఈ చొప్పున అతికించడం సాధ్యమవుతుంది. ఒక కణం మీద మార్కర్ అణువులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలనుకునేవాళ్లకు ఇది వరం. పీఈ అణువుల సంఖ్య తెలిసిన పూసలను పక్కన నడిపి పోల్చుకుంటే అంకె వస్తుంది. ఫిట్సీ అయితే ఒక్కో యాంటీబాడీకి ఒక్కో లెక్కన అంటుకుని ఉంటుంది కాబట్టి ఈ పని అంత తేలిక కాదు.

ఇంత పెద్ద అణువు కణం లోపలికి వెళ్తుందా అని చాలామంది సందేహిస్తారు. పొర సరిగ్గా తెరిస్తే వెళ్తుంది. ఇంటర్‌ఫెరాన్ గామా లాంటి సైటోకైన్లను (కణాలు పంపే సంకేత ప్రోటీన్లను) పీఈతో చూడటం రోజూ జరిగే పనే. కేంద్రకంలో ఉండే ఫాక్స్‌పీ3 అనే ప్రోటీన్‌ను కూడా పీఈతో చూస్తారు. కేంద్రకంలోని మార్కర్‌కు మాత్రం సరైన బఫర్ సెట్ వాడారో లేదో చూసుకోండి, చిన్న రంగుతో ఒకసారి పోల్చుకోండి.

మైక్రోస్కోప్ కింద ఒకే చోటును చాలాసేపు చూసే పనికి మాత్రం పీఈ వద్దు, కళ్ల ముందే ఆరిపోతుంది. ఫ్లో సైటోమీటర్‌లో కణం లేజర్ ముందు ఉండేది రెప్పపాటు కన్నా ఎంతో తక్కువ కాబట్టి ఆ బెంగ లేదు.

ఏపీసీ, దాని పక్కనే అలెక్సా 647

ఎర్ర లేజర్ ఉన్నవాళ్లకు పీఈ తర్వాత నమ్మదగినది ఏపీసీ. సొంత వెలుగు ఎక్కువున్న కణాలకైతే నేను పీఈ కన్నా ముందు దీన్నే చూస్తాను. మసక మార్కర్ కూడా నేపథ్యం నుంచి శుభ్రంగా విడిపడుతుంది. నీలి లేజర్ రంగులతో దాదాపు గొడవ పడదు కాబట్టి ఫిట్సీ, పీఈ, ఏపీసీ అనే మూడు రంగుల ప్యానెల్ మొదటిసారి కాంపెన్సేషన్ (ఒక రంగు వెలుగు పక్క డిటెక్టర్‌లోకి కారినదాన్ని లెక్కలోంచి తీసేయడం) నేర్చుకునేవాళ్లకు చక్కగా సరిపోతుంది.

అసలు ఏపీసీ మూడు భాగాలు కలిసిన అణువు. బాగా పలచన చేస్తే విడిపోయే గుణం దానికి ఉంది. అందుకే అమ్మకానికి వచ్చే వాటిలో ఆ భాగాలను రసాయనికంగా ఒకదానికొకటి బిగించి పెడతారు.

ఏపీసీ, అలెక్సా 647 రెండూ ఒకే డిటెక్టర్‌లో కనిపిస్తాయి, ఒక ప్యానెల్‌లో ఒకదానికే చోటు. బతికున్న కణాల పైపొర మార్కర్ అయితే ఏపీసీ. కేంద్రకంలో మార్కర్ అయినా, మిథనాల్ పోసే పని ఉన్నా అలెక్సా 647. ఈ రెండింటి మధ్య ఇంతకన్నా తర్జనభర్జన అక్కర్లేదు.

పర్‌సీపీ

ఒంటరి పర్‌సీపీ వెలుగు తక్కువ, పైగా బలమైన లేజర్ కింద నిలవదు. మరి ఎందుకు తీసుకోవాలి? దండిగా ఉన్న మార్కర్‌కు, లేజర్ బలం తక్కువున్న చిన్న మెషిన్‌లో ఇది చక్కగా పనిచేస్తుంది. సీడీ4 కణాలు లెక్కించడానికి ఏళ్లుగా వాడుతున్న నాలుగు రంగుల కలయికనే చూడండి. సీడీ3కి ఫిట్సీ, సీడీ8కి పీఈ, సీడీ45కి పర్‌సీపీ, సీడీ4కి ఏపీసీ. తెల్లకణాలన్నిటి మీదా సీడీ45 కుప్పలుగా ఉంటుంది, అక్కడ మెరుపు ఖర్చు చేయాల్సిన పని లేదు. ఆ కలయికను అమర్చిన పద్ధతి చూస్తేనే ఒక పాఠం చదివినట్టు ఉంటుంది. సార్టర్ మీద గంటలకొద్దీ కణాలు వేరుచేసేవాళ్లు, బలమైన లేజర్లున్న మెషిన్ వాడేవాళ్లు పర్‌సీపీ-సై5.5 వైపు వెళ్లడం మంచిది.

ట్యాండమ్‌లు: అసలు తిప్పలన్నీ ఇక్కడే

ట్యాండమ్‌లో పీఈ లేదా ఏపీసీ వెలుతురును పట్టి, తన మీద అతికించిన సై5, సై7 లాంటి చిన్న రంగుకు ఆ శక్తిని అందిస్తుంది. వెలుగు బయటికి వచ్చేది ఆ చిన్న రంగు నుంచి. ఒకే లేజర్‌తో నాలుగైదు రంగులు చూడగలుగుతున్నామంటే ఇవే కారణం. కానీ చిన్న రంగు పాడైతే అందుకునేవాళ్లు ఉండరు, అప్పుడు పీఈ తన వెలుగును తనే బయటపెడుతుంది. అంటే పీఈ-సై7 వేసిన కణం పీఈ వేసినట్టు కనిపిస్తుంది. రంగు ఆరిపోతే కనీసం తెలుస్తుంది. ఇక్కడ రంగు మారువేషం వేస్తుంది.

మా దగ్గర ఒకసారి ఇదే జరిగింది. సీడీ8కి పీఈ-సై7, సీడీ25కి పీఈ పెట్టుకున్నాం. ప్లాట్‌లో సీడీ8 కణాలన్నీ కొద్దికొద్దిగా సీడీ25 వైపు జరిగి ఉన్నాయి. గుంపు గుండ్రంగా లేదు, ఏటవాలుగా సాగి ఉంది. ఎక్కువ సీడీ8 ఉన్న కణానికి ఎక్కువ సీడీ25 ఉన్నట్టు చూపిస్తోంది. ఉత్తేజితమైన కణాలు దొరికాయని మధ్యాహ్నమంతా సంబరపడ్డాం. తర్వాత ట్యూబులు ఎక్కడున్నాయో అడిగితే విషయం బయటపడింది. ఒక్కో రంగు విడిగా వేసిన కంట్రోల్ ట్యూబులు రేకు చుట్టి ఐస్‌లో ఉన్నాయి. అసలు శాంపిళ్లేమో బల్ల మీద, ట్యూబ్‌లైట్ కింద, తెరిచిన ర్యాక్‌లో మూడు గంటలున్నాయి. శాంపిళ్లలోని ట్యాండమ్ కొంత విరిగింది, కంట్రోల్‌లోది విరగలేదు. విరగని దానితో లెక్కగట్టిన కాంపెన్సేషన్ విరిగినదానికి ఎలా సరిపోతుంది? రెండోసారి అన్ని ట్యూబుల్నీ ఒకేలా చీకట్లో ఉంచి చేశాం. ఆ గుంపు మాయమైంది.

అప్పటి నుంచి ట్యాండమ్ వాడితే కొన్ని పట్టింపులు వదలను. కంట్రోల్‌కూ శాంపిల్‌కూ ఒకే సీసా వాడతాను, ఎందుకంటే ఒక లాట్‌కూ ఇంకో లాట్‌కూ శక్తి అందించే తీరు మారుతుంది. ఒకదాన్ని ఫిక్స్ చేస్తే రెండోదాన్నీ అంతే సేపు ఫిక్స్ చేస్తాను. బతికున్న కణాలు కూడా ట్యాండమ్‌ను విరగ్గొట్టగలవు కాబట్టి చల్లగా, చీకట్లో ఉంచి, వీలైనంత త్వరగా నడుపుతాను. ఫిక్సేటివ్‌లో రాత్రంతా వదిలేయకుండా, పని కాగానే కడిగి మామూలు బఫర్‌లోకి మారుస్తాను.

పీఈ-సై5 సంగతి విడిగా చెప్పాలి. వెలుగు విషయంలో దీనికి పేరు పెట్టలేం. కానీ దాని మీదున్న సై5ని ఎర్ర లేజర్ నేరుగా వెలిగిస్తుంది, దాంతో ఏపీసీ డిటెక్టర్ నిండా ఇదే. పైగా సై5 ఉన్న ట్యాండమ్‌లు మోనోసైట్ల మీది సీడీ64కు, యాంటీబాడీతో పని లేకుండానే, అంటుకుంటాయి. రక్తం శాంపిల్‌లో మోనోసైట్లు ఒక అనూహ్యమైన మార్కర్‌కు పాజిటివ్‌గా కనిపిస్తే ముందు ఆ మార్కర్ మీద ఏ రంగు ఉందో చూడండి. టీ కణాలే చూస్తూ, ఎర్ర లేజర్ లేనివాళ్లు మాత్రం దీన్ని నిశ్చింతగా వాడుకోవచ్చు.

మిథనాల్ పోసేవాళ్లకు

ఫాస్ఫో ప్రోటీన్లు (ఫాస్ఫేట్ అతుక్కున్న ప్రోటీన్లు) చూసే చాలా పద్ధతుల్లో కణాలను ఫిక్స్ చేసి, చల్లటి మిథనాల్‌తో పొర తెరుస్తారు. అంతకుముందే పైపొరకు పీఈ, ఏపీసీ, పర్‌సీపీ, వాటి ట్యాండమ్‌లు వేసి ఉంటే అవన్నీ మిథనాల్‌లో పోతాయి. ప్లాట్ ఖాళీగా వస్తుంది. యాంటీబాడీ కణం మీదే ఉన్నా దాని దీపం ఆరిపోయి ఉంటుంది.

దారులు రెండున్నాయి. పైపొర మార్కర్లకు అలెక్సా 488, అలెక్సా 647 లాంటి చిన్న రంగులు వాడి మిథనాల్‌కు ముందే వేయడం ఒకటి. మిథనాల్‌ను పూర్తిగా కడిగేశాక పీఈతో సహా అన్నీ వేయడం రెండోది. రెండో దారిలో పీఈ క్షేమంగా ఉంటుంది కానీ మిథనాల్ కొన్ని మార్కర్ల ఆకారాన్నే మార్చేస్తుంది, అప్పుడు యాంటీబాడీ వాటిని గుర్తుపట్టదు. కాబట్టి మీ క్లోన్ మిథనాల్ తర్వాత పనిచేస్తుందో లేదో ఒక ట్యూబ్‌తో ముందే చూసుకోవాలి. సాపోనిన్‌తో తెరిచే సైటోకైన్ పద్ధతిలో ఈ ఇబ్బంది లేదు.

ఎవరికి ఏది

ఒక్క నీలి లేజర్ మెషిన్ ఉంటే ఫిట్సీ, పీఈ, పర్‌సీపీ-సై5.5, పీఈ-సై7. మసక మార్కర్ పీఈకి, దండిగా ఉన్నది ఫిట్సీకి.

రెండు లేజర్లుంటే వీటికి ఏపీసీ, ఏపీసీ-సై7 కలపండి. ఆరు రంగులదాకా పెద్ద తలనొప్పి లేకుండా వెళ్లొచ్చు. ఏపీసీ-సై7కు ముఖ్యమైన మార్కర్ ఇవ్వకండి. చచ్చిన కణాలనో, అక్కర్లేని కణాల గుంపునో తీసేసే చోటుగా వాడుకోండి, అక్కడ కాస్త తేడా వచ్చినా ఫలితం చెడదు.

టెట్రామర్లతో (ఒక్క రకం టీ కణాన్నే పట్టుకునేలా నాలుగు అణువులను కలిపి చేసిన ఎరలతో) అరుదైన టీ కణాలు వెతికేవాళ్లకు స్ట్రెప్టావిడిన్-పీఈ లేదా స్ట్రెప్టావిడిన్-ఏపీసీ (స్ట్రెప్టావిడిన్ అంటే బయోటిన్ అనే విటమిన్‌ను గట్టిగా పట్టుకునే ప్రోటీన్). 1996లో ఈ పద్ధతి వచ్చినప్పటి నుంచీ ఇవే ఎక్కువ వాడుకలో ఉన్నాయి, ఎందుకంటే వెయ్యి కణాల్లో ఒకటీ రెండూ ఉండేవాటిని చూపించడానికి మెరుపు కావాలి. అదే స్ట్రెప్టావిడిన్‌ను బయోటిన్ అతికించిన యాంటీబాడీ మీద వాడేటప్పుడు ఒక చిన్న మెలిక ఉంది. కణాలు పెంచే ఆర్‌పీఎంఐ మీడియంలోనే బయోటిన్ ఉంటుంది. దాన్ని కడగకుండా స్ట్రెప్టావిడిన్ వేస్తే అది మీడియంలోని బయోటిన్‌తోనే నిండిపోతుంది.

జీఎఫ్‌పీ కణాలవాళ్లు ఫిట్సీని వదిలేసి పీఈ, ఏపీసీలతో మొదలుపెట్టాలి. 561 లేజర్ ఉంటే పీఈ, లేకపోతే మొదట ఏపీసీ. మాక్రోఫేజ్‌లవాళ్లకు కూడా ఏపీసీయే. వాళ్లు పీఈ-సై5 దగ్గరికి వెళ్లకపోవడమే మేలు.

పది పైన రంగులు కావాలంటే ఈ ప్రోటీన్లు ఒక్కటే చాలవు. 405 లేజర్ మీద వెలిగే బీవీ421 లాంటి పాలిమర్ రంగులు కలుపుకోవాలి. బీవీ421 మసక మార్కర్లకు పీఈతో పోటీపడుతుంది. అలాంటివి రెండో మూడో ఒకే ట్యూబ్‌లో పడితే ఒకదానికొకటి అంటుకుంటాయి, అందుకు విడిగా అమ్మే స్టెయిన్ బఫర్ వేయాలి.

కొన్నాక, మొదటి రోజు

సీసాలు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య, చీకట్లో ఉండాలి. ఫ్రీజర్‌లో వద్దు. లేబుల్ మీద చెప్పిన మోతాదు మీ కణాలకు సరిపోతుందని అనుకోకండి. సగానికి సగం తగ్గిస్తూ ఐదారు ట్యూబులు వేయండి, పాజిటివ్ గుంపు నెగెటివ్ నుంచి బాగా విడిపడే మోతాదు పట్టుకోండి. పీఈ ఎక్కువైతే నెగెటివ్ కణాలు కూడా జిడ్డు పట్టినట్టు కొంచెం పైకి లేస్తాయి, మసక మార్కర్‌కు అదే పెద్ద శత్రువు.

ట్యాండమ్ కొన్నవాళ్లు అదే రోజు ఇంకో పని చేయాలి. ఆ ఒక్క రంగే వేసిన ట్యూబ్‌ను నడిపి, పీఈ-సై7 అయితే పీఈ డిటెక్టర్‌లో, ఏపీసీ-సై7 అయితే ఏపీసీ డిటెక్టర్‌లో ఎంత వెలుగు కనిపిస్తోందో, ట్యాండమ్ సొంత వెలుగులో అది ఎన్నో వంతో లెక్కగట్టి సీసా మీదే తేదీతో సహా రాసుకోండి. నెలకోసారి అదే సెట్టింగుల మీద మళ్లీ చూడండి. ఆ వంతు పెరుగుతూ వస్తుంటే సీసాలో సగం మిగిలి ఉన్నా సరే, కొత్తది తెప్పించుకునే సమయం వచ్చిందన్నమాట.